సగోత్రపు సాకెట్టు

మా కాలేజీలో ఒక ప్రొజెక్టరు ఉంది. దాని తీగ మా గోడల్లో ఉన్న ఏ ప్లగ్గులోనూ దూరదు. దాన్ని కొన్న రోజున ఒక పత్రికవాడు వచ్చి, దూరని తీగనీ, దాన్ని దూర్చడానికి తంటాలు పడుతున్న మా అటెండరునీ కలిపి ఫొటో తీసి వేసేశాడు. అది చూసి రాజధానిలో ఉన్న మా పై కార్యాలయానికి తల కొట్టేసినట్టయింది. ఇలాంటప్పుడు తీగ మారిస్తే సరిపోతుందని మీరూ నేనూ అనుకుంటాం. కార్యాలయాలు అలా అనుకోవు. అవి సర్క్యులర్ వేస్తాయి.

ఇక మీదట కలిపి వాడవలసిన ఏ రెండు వస్తువులు కొన్నా, ఆ రెండిటికీ పొంతన ఉందని కాలేజీలోని ‘పొంతన నిర్ధారణ సంఘం’ ధ్రువీకరించాలి. ధ్రువీకరించనిదే కలపరాదు. ధ్రువీకరించాక విడదీయరాదు. సర్క్యులర్ సారాంశం ఇంతే. మిగతా పదకొండు పేజీలూ దీని వివరణ.

నా పేరు పొట్నూరు గున్నేశ్వరరావు. మా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటుని, ఆ హోదాలో ఆ సంఘానికి సభ్య కార్యదర్శిని. కొందరికి సంగీతమంటే ఇష్టం, కొందరికి చేపల పులుసంటే ఇష్టం. నాకు నియమాలంటే ఇష్టం. ఉప్మాలో ఉప్పు తగ్గిందంటే ఏ నియమం కింద తగ్గిందని అడుగుతానని మా ఆవిడ ఊరంతా చెబుతుంది. అది కొంచెం పెంచి చెప్పడమే.

సంఘానికి అధ్యక్షులు మా ప్రిన్సిపాల్ డాక్టర్ చయనులు గారు. వృక్షశాస్త్రంలో పండితులు, సంధ్యావందనం తప్పని మనిషి. ఇంకో సభ్యుడు వ్యాయామ అధ్యాపకుడు గొర్లె తవిటినాయుడు. కంప్యూటర్ లెక్చరరుని మాత్రం సంఘంలో వేసుకోలేదు. విషయం తెలిసినవాడికి ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, అభిప్రాయం ఉన్నవాడు నిష్పక్షపాతంగా ఉండలేడు అని సర్క్యులర్‌లోనే ఉంది. చదివినప్పుడు నాకు అది ఎంతో సబబుగా తోచింది.

పద్ధతి కూడా సులువే. ఫలానా వస్తువుకీ ఫలానా వస్తువుకీ పొంతన కుదర్చబోతున్నాం, ఆక్షేపణ ఉన్నవాళ్లు వారంలోగా తెలపండి అని నోటీసు బోర్డులో అంటిస్తాం. పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో చేసినట్టే. ఆక్షేపణ రాకపోతే పొంతన కుదిరినట్టు. ఒక్కటి వచ్చినా కుదరనట్టు. కుదరనిదాన్ని దుకాణానికి వాపసు ఇవ్వరాదు, అది కొనుగోలు నియమాలకి విరుద్ధం. స్టోరులో ఉంచరాదు, పక్కనున్న మంచి సామానుతో కలిసిపోయే ప్రమాదం ఉంది. కనక దాన్ని పనికిరాని సామాను కింద అదే పూట వేలం వేయాలి. పనికిరాని సామానుకి మా దగ్గర ఉన్న రేటు ఒక్కటే. అది కిలో లెక్క.

మొదటి ఏడాది అంతా సాఫీగానే జరిగింది. తాళానికీ తాళంచెవికీ పొంతన తేలేదాకా ఒక వారం పాటు మగపిల్లల బాత్రూము తెరవలేదు, అంతే. పిల్లలు గోల చేశారు. నియమాలున్న చోట గోల ఉంటుంది, ఓర్చుకోవాలి.

అలాంటి రోజుల్లో అసిరితల్లి నా గదిలోకి వచ్చింది.

అసిరి బి.ఏ. చరిత్ర ఆఖరి సంవత్సరం. కాలేజీ గేటు దగ్గర ఇడ్లీ బండి గౌరమ్మ కూతురు. పొద్దున్న తల్లికి చట్నీ రుబ్బిపెట్టి, క్లాసులు విని, సాయంత్రం బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఆ నెట్ సెంటర్లోనే ఆటలు నేర్చుకుంది. జిల్లాలో మగపిల్లలు ఆమెతో ఆడడానికి భయపడతారని విన్నాను. నాకు ఆ ఆటలు తెలీవు, భయం మాత్రం ఒకసారి స్వయంగా చూశాను. ఒకడు ఓడిపోయి మా వరండాలో కూర్చుని ఏడ్చాడు.

ఆమె ఒక పోటీ కాగితం నా బల్ల మీద పెట్టింది. విశాఖపట్నంలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక కంపెనీ డిగ్రీ విద్యార్థులకి పెడుతున్న పోటీ. విడిభాగాలు ఎవరికి వాళ్లే ఎంచుకోవాలి. వాటిని తామే బిగించి, లేబులు మీద రాసిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపాలి. జడ్జీల ముందు దాని మీద ఆట ఆడి చూపించాలి. వచ్చిన వేగాన్ని పెట్టిన ఖర్చుతో భాగిస్తారు. ఎక్కువ వచ్చినవాళ్లకి ఆ కంపెనీలో ఉద్యోగం.

“వచ్చే ఏడాది నేను స్టూడెంటుని కాను సార్. ఇదే ఆఖరు. మా అమ్మ మోకాళ్లు అరిగిపోనాయి, ఇంకెన్నాళ్లు నిలబడతాది బండి కాడ?” అంది.

ఆ మాటకి నా మనసు కదిలింది. అయినా మనసు కదిలినప్పుడే మనిషి నియమాలు తప్పుతాడు. అందుకని అద్దాలు సర్దుకుని, వివరంగా చెప్పమన్నాను.

“ఇది ప్రాసెసరు సార్, కంప్యూటరు బుర్ర. ఇది బోర్డు. బుర్ర ఈ బోర్డులో కూకోవాల. రెండిటికీ సాకెట్టు నంబరు ఒకటే ఉండాల. లేకపోతే కూకోదు.”

“కూచోకపోతే నచ్చజెప్పలేమా?”

“పిన్నులు ఇరుగుతాయి సార్,” అంది ఓపిగ్గా. “స్పీడు పెంచనిచ్చే ప్రాసెసరే కొనాల, పెంచనిచ్చే బోర్డే కొనాల. ఒకటి ఒప్పుకుని ఇంకోటి ఒప్పుకోకపోతే డబ్బు దండగ. స్పీడు పెంచితే వేడెక్కుతాది, అందుకే కూలరు. వీటన్నిటికీ సరిపడా కరెంటిచ్చే పవర్ సప్లై. ఇదిగో, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు. ఖరీదంతా దీనిదే. దీని చుట్టూ మిగతావి చవగ్గా చూసుకోవాల. డిస్కు, కీబోర్డు నా కాడ పాతవున్నాయి.”

లేబులు మీద ఒక వేగం రాసి ఉండగా అంతకన్నా ఎక్కువ పనిచేయించడం నాకు నచ్చలేదు. ఆ మాటే అన్నాను. అసిరి నవ్వి, “మా అమ్మకి లేబులు లేదు గానీ సార్, ఉంటే ఏటి రాసుంటాదో!” అంది.

ఆటలు గనక ఖర్చు క్రీడల పద్దులో పెట్టవచ్చని నేనే కనిపెట్టాను. అది మార్చి నెల. క్రీడల పద్దులో మిగిలిన డబ్బు ముప్పై ఒకటిలోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. మార్చి నెలలో మా కాలేజీ అడిగినవాడికి అడిగినట్టు కొనిపెడుతుంది. ఏప్రిల్లో సుద్దముక్క అడిగినా నిధులు లేవంటుంది.

సంఘం సమావేశమైంది. చయనులు గారు జాబితా చదివి తల పైకెత్తారు.

“ప్రతి వస్తువూ ఒక్కొక్కటే ప్రస్తావింపబడినది. ఎంపిక అనగా కనీసం రెండింటి నడుమ జరుగవలెను. ఒక్కటే ఉన్నచో అది ఎంపిక కాదు, నిరంకుశత్వం.”

అందుచేత ప్రతి భాగానికీ రెండోది కూడా కొని, రెండిట్లో పొంతన కుదిరినదాన్ని వాడాలని తీర్మానించాం. రెండో జాబితా తయారుచేసే భారం తవిటినాయుడు మీద పడింది.

“అదెంత సేపండీ! లైట్లుండాలి. మొన్న మా బావమరిది షాపింగు మాల్లో చూసేడు, లోపల ఎర్ర, పచ్చ, నీలం తిరుగుతున్నాయంట. లైట్లు లేకుండా ఆట ఏటండీ, మన కబడ్డీకే ఫ్లడ్‌లైట్లు కావాలంటన్నారు గదా!”

అలా రెండు జాబితాల సామానూ వచ్చింది. అసిరి జాబితా సామాను మామూలు అట్టపెట్టెల్లో, నాయుడి జాబితా సామాను పెళ్లి కానుకల్లా మెరిసే పెట్టెల్లో వచ్చాయి.

మొదట ప్రాసెసరు, బోర్డుల పొంతన. చయనులు గారు ఆకుల ఈనెలు చూసే భూతద్దం తెప్పించి, అసిరి ప్రాసెసరునీ బోర్డునీ చాలాసేపు పరీక్షించారు. ప్రాసెసరు పెట్టె మీద ఒక నంబరు ఉంది. బోర్డు పెట్టె మీద కూడా అదే నంబరు ఉంది. ఆయన మొహం గంభీరంగా మారింది.

“ఈ అంకె యేమి?”

“సాకెట్టు నంబరు సార్,” అంది అసిరి సంబరంగా. “చూడండి, రెండిటికీ ఒకటే!”

“తయారు చేయబడునప్పటి నుండియు ఉన్నదా?”

“ఉంటాది సార్. పుట్టుకతో వచ్చేదే. మార్చలేం.”

“వంశానుగతము,” అన్నారాయన భూతద్దం దించి. “పుట్టుకతో వచ్చునది, మార్చజాలనిది, ఇరువురకును ఒక్కటే. గున్నేశ్వరరావుగారూ, దీనిని మన పెద్దలు ఏమందురు?”

నేను సర్క్యులర్ తిరగేస్తున్నాను. నాయుడే అందుకున్నాడు. “ఒకే గోత్రం! అన్నాచెల్లెళ్ల వరస! రామరామ, ఎంత పని జరిగిపోయేది!”

“అయ్యో, అది గోత్రం కాదు సార్!” అని అసిరి ఒక్క అరుపు అరిచింది. “ఒకటే ఉంటేనే కూకుంటాది!”

“అమ్మాయీ, కుదురుట వేరు, కుదురవచ్చుట వేరు,” అన్నారు ప్రిన్సిపాల్ గారు ఎంతో దయగా. అధ్యక్షులైనా పౌరులే గనక ఆయనే స్వహస్తాలతో ఆక్షేపణ రాసి సంతకం చేశారు. నేను దాన్ని నమోదు చేశాను. రెండో జాబితాలో ప్రాసెసరుది ఒక నంబరు, బోర్డుది ఇంకో నంబరు. వాటి గోత్రాలు వేరు. వాటికి ఒక్క ఆక్షేపణా రాలేదు.

ఆ మధ్యాహ్నమే వేలం వేశాం. హాస్టల్ వంటగదిలో కూరగాయలు తూచే కాటా తెప్పించాం. బోర్డు పెడితే ముల్లు కాస్త కదిలింది. ప్రాసెసరు పెడితే కదలనే లేదు. కదలని బరువుకి ధర ఎలా కట్టాలో ఏ నియమంలోనూ లేదు గనక, రెండిటినీ కలిపి తూచాం. పాడుకోవడానికి వచ్చింది అసిరి ఒక్కర్తే. ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో, తల్లి గల్లాపెట్టెలోంచి తెచ్చిన చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. నేను రసీదు రాసి ఇచ్చాను. ఇద్దరు మనుషులు టిఫిను తింటే అయ్యే ఖర్చు కూడా కాలేదు.

అసిరి ఆ రసీదుని చాలాసేపు చూసింది. ముందుకూ వెనక్కీ తిప్పి చూసింది. కళ్లు తుడుచుకుంది.

“సార్, ఆక్షేపణ ఎవరన్నా ఇవ్వచ్చా?”

“ఎవరైనా ఇవ్వచ్చు. కానీ ఒక మనిషి ఒక్కదానికే ఇవ్వాలి.”

“కారణం సరైనదో కాదో ఎవరు చూస్తారు?”

“ఎవరూ చూడరు. చూస్తే అభిప్రాయం ఏర్పడుతుంది.”

“థాంక్సండీ,” అని వెళ్లిపోయింది. అమ్మాయి మర్యాదస్తురాలే అనుకున్నాను. అంతకు మించి నాకేమీ తట్టలేదు.

మర్నాడు ఆమె జాబితాలోనే ఉన్న మెమరీకి నోటీసు పెట్టాం. సాయంత్రానికే ఆక్షేపణ వచ్చింది, అసిరి దస్తూరీలో. ‘ఈ మెమరీ ముక్కలు రెండూ ఒకేలా ఉన్నాయి. కవలలు. కవలల్ని ఒకే క్లాసులో కూర్చోబెడితే పరీక్షలో చూసి రాసుకుంటారు.’ సంఘం ఈ వాదనలోని లోతుని మెచ్చుకుని మెమరీని వేలం వేసింది.

తరవాతిది పవర్ సప్లై. దానికి ఆక్షేపణ చెప్పడానికి గౌరమ్మ స్వయంగా వచ్చింది. చేతికి పిండి అలాగే ఉంది.

“బాబూ, ఈ పెట్టె ఎంత కరెంటు తాగుతాదో మా గుంట అసిరి సెప్పింది. మా ఇంట్లో ఒక్క ఫ్యానుకే బిల్లు కట్టలేక సస్తన్నాం. గవర్నమెంటు సొమ్మయితే మాత్రం, ఇంతింత తాగితే పాపం కాదా? నాకిట్టం నేదు. రాసుకో బాబూ.”

రాసుకుని వేలిముద్ర వేయించాను. వేలంలో కూడా ఆవిడే పాడింది. ఆక్షేపించిన వస్తువుని అదే మనిషి కొనరాదని నియమం లేదు. ఉందేమోనని రెండుసార్లు వెతికాను.

కూలరుకి అసిరి ప్రయత్నమే అవసరం లేకపోయింది. అది ప్రాసెసరుని చల్లబరచి రాసిన వేగం కన్నా ఎక్కువ పరిగెత్తించడానికని మా అటెండరు సింహాద్రి చెవిన పడింది. సింహాద్రి ఉద్యోగుల సంఘానికి శాఖా కార్యదర్శి. వరండాలో నిలబడి ఉపన్యాసమే ఇచ్చేశాడు.

“ఇయాళ మిషన్‌కి ఫ్యానెట్టి రెట్టింపు పని సేయిస్తారు. రేపు మన నెత్తి మీద ఫ్యానెట్టి, గున్నేశ్వర్రావ్ గారూ, మీరు డబల్ పైళ్లు సూడండంటారు! ఒప్పుకుందామా?”

ఒప్పుకోం అని వరండా అంతా అరిచింది. నేనూ అరిచాను. కూలరు ఆ పూటే కిలో లెక్కన పోయింది.

ఇక మిగిలింది గ్రాఫిక్స్ కార్డు. ఖరీదంతా దానిదేనని అసిరి మొదటి రోజే చెప్పింది. ఈలోగా చయనులు గారికి చిరాకేసింది. ఒక జాబితాలో వస్తువులన్నీ ఆక్షేపణల పాలవుతున్నాయంటే బయటివారు సంఘం గౌరవాన్ని చులకన చేస్తున్నారని ఆయన అనుమానం. సవరణ జారీచేశారు. ‘ఇటుపై ఆక్షేపించు యోగ్యత శాశ్వతోద్యోగులకు మాత్రమే కలదు.’

నోటీసు వారం గడువు ఒక శుక్రవారం ముగుస్తుంది. ఆ రోజు సాయంత్రం అసిరి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. వాళ్లమ్మ గేటు దగ్గర బండి కడుగుతూ మధ్య మధ్య ఇటు చూస్తోంది.

“టైమెంతయింది సార్?” అంది అసిరి.

“అయిదవబోతోంది.”

“అయిదుకి మూసేస్తారు గదా.”

“మూసేస్తాం.”

అప్పటికి నాకు అంతా అర్థమైంది. మీకు ఎప్పుడో అర్థమై ఉంటుంది, మీరు సూపరింటెండెంట్లు కారు. ఆక్షేపణ రాకపోతే ఆ కార్డు పొంతన కుదిరినదవుతుంది. పొంతన కుదిరిందంటే పసుపు దారంతో కట్టి, అద్దాల బీరువాలో పెట్టి, తాళం వేస్తారు. ఈ పిల్ల ఇన్నాళ్లూ పోగుచేసుకున్న బుర్రా బోర్డూ అన్నీ బొమ్మలు గీసేవాడు లేక గుడ్డివై కూర్చుంటాయి. నా సర్వీసులో నేను ఎన్నో ఆక్షేపణలు నమోదు చేశాను గానీ ఒక్కటీ చెప్పలేదు. సభ్య కార్యదర్శి తన సంఘానికి తానే అడ్డం చెప్పడం ఎక్కడైనా ఉందా? లేదు. కూడదని ఎక్కడైనా ఉందా? అదీ లేదు.

కాగితం తీసి రాశాను. ‘ప్రభుత్వ భవనాలలో ఈ కొలత గదికి రెండు ఫ్యాన్లు మాత్రమే మంజూరు. ఈ కార్డు జానెడు లేదు, దీనికి మూడు ఫ్యాన్లున్నాయి. ఆక్షేపిస్తున్నాను.’ సంతకం పెట్టి, ముద్ర కొట్టి, నాకు నేనే అందజేసుకుని, అందినట్టు నాకు నేనే రసీదు ఇచ్చుకున్నాను.

అసిరి ఇంకా గుమ్మంలోనే ఉంది. “సార్,” అంది. కాటా తెమ్మని సింహాద్రిని కేకేశాను.

పోటీ రోజూ మా కంప్యూటరు ప్రారంభోత్సవమూ ఒకే రోజు పడ్డాయి. పోటీకి వెళ్లాలని నాకు ఎంతో ఉంది. కానీ ప్రారంభోత్సవానికి ప్రాంతీయ సంచాలకులు వస్తున్నారు, శాలువా పట్టుకునేది నేనే.

హాలు మధ్యలో మేజా మీద పొంతన కుదిరిన కంప్యూటరుని పెట్టాం. అద్దాల పెట్టె. లోపల నాయుడి బోర్డు. ప్రాసెసరు బోర్డులో కూచోలేదు. కంప్యూటర్ లెక్చరరు ఒకసారి వేలితో చూపించబోతే, పొంతన కుదిరినట్టు ధ్రువపత్రం ఉండగా కూచోవడం కూచోకపోవడం వాటి సొంత విషయమని చయనులు గారు మందలించారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి పసుపు దారంతో మూడు ముళ్లు వేయించారు. తెర అనేది వచ్చే ఏడాది బడ్జెట్‌లో కొంటాం.

సంచాలకులు మీట నొక్కారు. కరెంటు అందింది. ఫ్యాన్లు తిరిగాయి. ఎర్రా పచ్చా నీలం లైట్లు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తాయి. హాలంతా చప్పట్లు.

“అద్భుతం!” అన్నారు సంచాలకులు. “ఇంత ప్రకాశవంతమైన కంప్యూటర్‌ను నా పరిధిలోని ఏ కళాశాలయందునూ వీక్షించలేదు. ఇది ప్రస్తుతం ఏమి చేయుచున్నది?”

“ఓవర్‌క్లాకింగ్ అండి,” అన్నాడు తవిటినాయుడు వెంటనే. “ఫుల్ స్పీడు. కళ్లకి ఆనదు.”

సంచాలకులు కళ్లు చిట్లించి, ఆనడం లేదని ఒప్పుకున్నారు.

అప్పుడు నా జేబులో ఫోను మోగింది. శాలువా సింహాద్రి చేతిలో పెట్టి వరండాలోకి పరిగెత్తాను. గౌరమ్మ గొంతు.

“బాబూ! మా గుంట ఫస్టొచ్చేసింది బాబూ!”

వెనక ఒకటే గోల. కాసేపటికి అసిరి ఫోను తీసుకుని అంతా చెప్పింది. క్యాబినెట్టు కొనడానికి డబ్బు లేక, తల్లి బండి మీద వడలు పెట్టే పాత అద్దాల పెట్టెలో అన్నీ బిగించిందట. మిగతా కాలేజీల పిల్లలు చూసి, వడ ఎంత అని అడిగారట. వేగం పెంచుకుంటూ పోతే ఆట మధ్యలో వేడి పైకెక్కింది. ఎక్కడ ఆగిపోతుందోనని భయం, ఆట వదిలి లేవడానికి లేదు. గౌరమ్మ ఊరుకుంటుందా? పెట్టె తలుపు తీసి, పొయ్యి విసిరే విసనకర్రతో ఆట అయ్యేదాకా విసురుతూనే ఉంది. చెయ్యి వాడొద్దని ఏ నియమంలోనూ లేదని జడ్జీలే తేల్చారు.

“వేగంలో నేను మూడో స్థానం సార్. కానీ ఖర్చుతో భాగించారు గదా! మీరిచ్చిన రసీదులన్నీ చూపించేను. జడ్జి నాలుగుసార్లు చూసి, ‘అమ్మా, ఇది ధరా, బరువా?’ అనడిగేడు. రెండూనండీ అన్నాను. మళ్లీ లెక్కేసి, కేలుకులేటరు పాడైందనుకుని ఇంకోటి తెప్పించుకున్నాడు సార్!”

నేను వరండా స్తంభం పట్టుకుని నవ్వాను. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. హాల్లో జాతీయ గీతం మొదలవడంతో అలాగే నిటారుగా నిలబడి, చప్పుడు కాకుండా నవ్వుకున్నాను.

అసిరి ఉద్యోగంలో చేరింది. నెల తిరక్కుండా నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ‘పనికిరానిదని సంఘము ప్రకటించిన సామగ్రి తదనంతరము పనిచేసినట్లు తెలియవచ్చినది. ఇది సంఘ నిర్ణయమును ధిక్కరించుట కాదా?’ సామగ్రి తరపున నేను జవాబు ఇవ్వలేనని రాసి పంపాను.

పై కార్యాలయం అంతటితో ఆగలేదు. సంచాలకులు మా లైట్ల గురించి గొప్పగా నివేదిక రాశారు. పొంతన పద్ధతి ఇంత విజయవంతమైనప్పుడు వస్తువులకే ఎందుకు పరిమితం కావాలి? కొత్త సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఉద్యోగికీ అతను కూచునే కుర్చీకీ పొంతన నిర్ధారించాలి. నోటీసు, వారం గడువు, ఆక్షేపణలు, అంతా మామూలే.

చయనులు గారికి ఒక్క ఆక్షేపణా రాలేదు. తవిటినాయుడికీ రాలేదు. ఇద్దరికీ ధ్రువపత్రాలు అందాయి. ప్రిన్సిపాల్ గారి గదిలో ఆ అద్దాల పెట్టె ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. ఆర్పితే పనిచేయడం ఆగిపోయిందని పత్రికవాళ్లు రాస్తారని ఆర్పనివ్వరు. పండగలకి దాని మీద పూలు వేస్తారు.

తరవాత నా పేరు బోర్డులో పడింది. ‘పొట్నూరు గున్నేశ్వరరావు, సూపరింటెండెంటు – చేతుల కుర్చీ, ఒకటి. ఆక్షేపణలున్నచో తెలుపగలరు.’

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆక్షేపణ వస్తుందేమోనని భయపడుతున్నానని మా ఆవిడ అనుకుంది. రాదేమోనని నా భయం. రోజూ ఆక్షేపణల పెట్టె తెరిచి చూసుకునేవాణ్ణి. సోమవారం లేదు, మంగళవారం లేదు. గురువారం సింహాద్రి నా భుజం తట్టి, “మీకేటండీ, మిమ్మల్ని కాదనేవోడెవడు? దారం తెప్పించేసేరు,” అన్నాడు. ఆ రాత్రి ఒళ్లంతా ఎర్రా పచ్చా లైట్లు పరిగెడుతున్నట్టు కల వచ్చింది.

గడువు ఆఖరి రోజు సాయంత్రం తపాలాలో ఒక కవరు వచ్చింది. విశాఖపట్నం ముద్ర. లోపల ఆక్షేపణ పత్రం. శాశ్వత ఉద్యోగులే ఆక్షేపించాలన్న సవరణ గుర్తుంది కాబోలు, కంపెనీ తనను శాశ్వత ఉద్యోగిగా తీసుకున్న ఉత్తర్వు నకలు కూడా జతచేసింది.

‘ఈయనకీ ఈ కుర్చీకీ పొంతన లేదు. కారణం: ఈయన పనిచేస్తారు. – కోరాడ అసిరితల్లి.’

నా సర్వీసంతటిలో నన్ను ఇంతగా మెచ్చుకున్నవాళ్లు లేరు. నా మీద వచ్చిన ఆక్షేపణని నేనే నమోదు చేసి, రసీదు రాసి, ముద్ర కొట్టాను.

నా వేలం ఈ పూటే. సింహాద్రి హాస్టల్ నుంచి పెద్ద కాటా తెచ్చి వరండాలో పెట్టాడు. గేటు దగ్గర గౌరమ్మ ఇవాళ బండి పెందలాడే కట్టేసి, చిల్లర లెక్కపెట్టుకుంటోంది.